ఎర్ర గుడ్డ కట్టిన రంపం

మా మామ పోయాడు. ఖాజాగూడ చెరువు వైపు దిగే సందులో, రేకుల షెడ్డులో పాత చైన్ రంపాలు బాగుచేసే ముసలాయన అంటే మీలో కొందరికి గుర్తుకు రావచ్చు. నా భార్య తండ్రి. ఆ పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగాడు. మళ్లీ లేవలేదు. కబురు వచ్చేసరికి నేను షెడ్డులో ఉన్నాను. ముందు ఎవరిదో రంపం, సైలెన్సర్ విప్పి ఉంది. దాన్ని మళ్లీ బిగించాకే ఇంటికి వెళ్లాను. సగం విప్పి లేచిపోతే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఆయనది వికారాబాద్ వైపు పల్లె. వయసులో ఉన్నప్పుడు కట్టె డిపోలకు చెట్లు కోశాడు. ఇక్కడ రాళ్లగుట్టల మధ్య అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజుల్లో, జాగాలు చదును చేసే పనికి వచ్చాడు. రంపం అదురుకు వేళ్లు తిమ్మిరెక్కి, చల్లటి పూట గుండీ పెట్టుకోవడం కూడా కష్టమయ్యాక కోత మానేసి రిపేరు పట్టుకున్నాడు. నేను కంపెనీలకు క్యాబ్ నడిపేవాణ్ని. బండి ఓనరు బండి అమ్మేశాక ఆయన పక్కన కూర్చున్నాను.

పాత రంపాలు మాకు మూతబడిన డిపోల నుంచి, జీడిమెట్ల స్క్రాపు దుకాణాల నుంచి, తోటపని కాంట్రాక్టర్ల దగ్గర నుంచి వచ్చేవి. ఒకసారి ఒకతను నారింజ రంగు రంపం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అసలు ఫారిన్ కంపెనీ మాలు, పెద్దాయన. స్టిక్కర్ చూడు."

మామ స్టిక్కరు చూడలేదు. ఎత్తి బరువు చూశాడు. తిరగేసి, అడుగున పోతపోసిన నంబరు ఉండాల్సిన చోట బొటనవేలితో తడిమాడు. అక్కడ నున్నగా ఉంది.

"స్టిక్కర్ ఫారిన్‌దే. మిషన్ ఏడ పుట్టిందో దానికే తెల్వదు," అన్నాడు.

"అయితే పనికిరాదా?"

"పనికెందుకు రాదు? కొమ్మలు గొట్టుకో. మొద్దు మీద పెట్టకు. ఎవలన్న అడిగితే ఫారిన్‌ది అని మాత్రం చెప్పకు, నవ్వుతరు."

రంపాన్ని చూసే పద్ధతి ఆయనది ఒకటే. స్టార్టరు తాడు పిడి పట్టుకుని మొత్తం రంపాన్ని గాలిలో వేలాడదీసేవాడు. లోపల దమ్ము ఉన్న ఇంజనైతే తన బరువుకు తాను ఆగి ఆగి, కొంచెం కొంచెం కిందికి దిగుతుంది. అరిగిపోయిందైతే సర్రున జారుతుంది. ఆ తర్వాత సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి ఫోను లైటు వేసి పిస్టన్ చూసేవాడు. నిలువు గీతలుంటే ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోసి నడిపారని అర్థం. "నీళ్లు వోయకుండ బువ్వ వండిండ్రు," అనేవాడు.

ఇక లేవదని తేలిన రంపం పిడికి ఎర్ర గుడ్డ పేలిక కట్టేవాడు. మా షెడ్డులో అది కట్టుబాటు. గుడ్డ కట్టినదాంట్లోంచి ఎవరికి ఏ సామాను కావాలన్నా విప్పుకోవచ్చు. గుడ్డ లేనిదాని నట్టు ముట్టకూడదు. గుడ్డ కట్టే పని ఆయనదే, నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. "పండుకున్నదో సచ్చిందో సూడకుండ చెయ్యి వెట్టకు," అని నాకు మొదటి రోజే చెప్పాడు.

చెట్లు కోసిన కాలం నాటి ఆయన సొంత రంపం పై అటక మీద ఉండేది. రంగంతా పోయింది. అమావాస్య నాడు అందరూ బండ్లకు నిమ్మకాయలు కడతారు కదా, ఆయన ఆ రోజు దాన్ని దించి, కాస్త పెట్రోలు పోసి, స్టార్టు చేసి, మూలన ఉన్న తుమ్మ మొద్దు నుంచి ఒక బిళ్ల కోసేవాడు. ఆ బిళ్ల ఆ రోజు ముందుగా వచ్చిన గిరాకీకి. కుండ మీద మూతకని, కూరగాయలు కోసుకోవడానికని తీసుకెళ్లేవారు. తర్వాత ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇంజను నడిపి పైన పెట్టేవాడు. పెట్రోలు లోపల నిలవ ఉంటే కార్బరేటరు బంక పడుతుంది. పెట్రోలు అయిపోయే ముందు ఇంజను ఒక్కసారి జోరందుకుంటుంది. మొదట్లో నేను ఆ చప్పుడు విని, బాగా నడుస్తోంది మామా అన్నాను. నవ్వాడు. "గది నడుసుడు కాదు అల్లుడా. అడుగంటింది," అన్నాడు.

పోయిన ఎండాకాలం ఆయన్ని దవాఖానలో చేర్చాం. డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. నా భార్య అక్కడ ఉండేది, నేను పొద్దున కాసేపు షెడ్డు తెరిచేవాణ్ని. గాలిదుమారం వచ్చిన మర్నాడు ఒక గార్డెన్ సూపర్‌వైజర్ రంపం పట్టుకుని పరుగున వచ్చాడు. గోదావరి వైపు మనిషి, మాకు పాత గిరాకీ.

"మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్ గేటు మీద చెట్టు పడిపోయిందండి. పిల్లలంతా లోపలే ఉన్నారు. ఇదేమో స్టార్ట్ అవ్వట్లేదు. ఏదో ఒకటి చెయ్యండి బాబూ."

ప్లగ్గు తీసి చూశాను. నిప్పురవ్వ రావడం లేదు. కాయిల్ పోయింది. అది పాత రకం, ఆ కాయిల్ ఇప్పుడు దొరకదు. ఎర్ర గుడ్డ కట్టిన వాటిలో వెతికాను, లేదు. అటక మీద మామ రంపం అదే రకం.

దించాను. తాడు పట్టుకుని వేలాడదీశాను. ఆగి ఆగి దిగింది. దమ్ము బాగా ఉంది. పడుకునే ఉందని నాకు తెలుసు. ఆయన వచ్చి దీన్ని ఇక తిప్పుతాడా అని మనసులో అనుకున్నాను. అనుకున్నాకే స్క్రూడ్రైవరు పట్టుకున్నాను.

రంపాన్ని రంపంగానే అరువిచ్చి ఉండొచ్చు. సాయంత్రానికి తిరిగొచ్చేది. ఆ మాట నాకు తట్టలేదు. అరువు ఇవ్వాలంటే, దానికొక యజమాని ఉన్నాడని ముందు అనుకోవాలి కదా. కాయిల్ విప్పి సూపర్‌వైజర్ రంపంలో బిగించి పంపాను. మధ్యాహ్నానికి గేటు తెరుచుకుందని ఫోన్ చేసి చెప్పాడు.

వారం తిరక్కుండా మామ ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు కాని నడుస్తున్నాడు. అమావాస్య నాడు పొద్దున్నే షెడ్డుకొచ్చి, రంపం దించమన్నాడు. నేను దించాను. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. పెట్రోలు పోశాడు. వేలాడదీసి చూసుకున్నాడు. తాడు లాగాడు. మళ్లీ లాగాడు. ఆయాసపడి కాసేపు కూర్చుని, ప్లగ్గు చూసి, కవరు విప్పాడు. కాయిల్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. స్క్రూలు మాత్రం వాటి రంధ్రాల్లోనే ఉన్నాయి. సామాను తీస్తే స్క్రూలు తిరిగి అక్కడే పెట్టాలని ఆయన నేర్పిందే.

"ఎవలికిచ్చినవ్ అల్లుడా?"

చెప్పాను.

"చెట్టు తొలిగిందా?"

"తొలిగింది మామా."

"పిల్లలు బయటికొచ్చిండ్రా?"

"అందరొచ్చిండ్రు."

"ఇగ మంచిదే."

లేచి డబ్బాలోంచి ఎర్ర గుడ్డ పేలిక తీశాడు. తిమ్మిరి వేళ్లతో పిడికి కట్టడానికి చాలాసేపు పట్టింది. ఆపబోయాను.

"మామా, వద్దు. ఏడన్న దొరకవట్టి తెస్త. మళ్ల బిగిస్త."

"తీసినంక గుడ్డ కట్టకుంటె ఎట్ల? రేపు ఇంకొకడొచ్చి, ఇది పండుకున్నదనుకుంటడు."

కోపం లేదు ఆ మాటలో. కోపముంటే నాకు నయంగా ఉండేది. ఆ రోజు తుమ్మ బిళ్ల ఎవరికీ ఇవ్వలేదు.

జీడిమెట్లలో స్క్రాపు కుప్పలు వెతికాను. కొత్తగా వచ్చే నకలు కాయిళ్లు తెప్పించాను, ఒక్కటీ కూర్చోలేదు. ఆ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే వేరే కంపెనీకి మారానని, రంపం పాత చోటే ఉండిపోయిందని అన్నాడు. నేను ఫోన్లు చేస్తుంటే మామ ఆకురాయితో గొలుసు పళ్లు నూరుకుంటూ, "ఇడువు అల్లుడా, పరేషాన్ గాకు," అనేవాడు. అన్నం దగ్గర ఎప్పటిలాగే నన్ను ఎకసెక్కాలాడేవాడు. ఇంకో రంపం మీద చెయ్యి వేసేముందు మాత్రం నేనే ఆయన్ని అడిగేవాణ్ని, "మామా, దీన్ని విప్పనా?" అని. "అడుగుడెందుకు, నీకు సూసుడొస్తది గద," అనేవాడు.

ఆయన పోయిన రోజు రాత్రి నా భార్యకు ఈ సంగతంతా చెప్పాను. ఆమె ఏడుపు ఆపుకుని విన్నది.

"నువ్వొక్కనివే అనుకున్నవా? ఇగ లేవడని, దవాఖానల నుంచి నేను ఊరికి ఫోన్ జేసి అందర్ని రమ్మన్న. ఆళ్లు బస్సు దిగి వచ్చేసరికి నాయిన లేసి కూసొని, ఇంతమంది ఎందుకొచ్చిండ్రు, చాయ్ వొయ్యుండ్రి అన్నడు."

ఆ మాటతో నా బరువు తగ్గుతుందని ఆమె అనుకుంది. తగ్గలేదు. ఆమెది కూడా వచ్చి కలిసింది.

పెద్దకర్మ నాడు సూపర్‌వైజర్ వచ్చాడు. భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచి, కాగితంలో చుట్టిన కాయిల్ చేతిలో పెట్టాడు. పాత కంపెనీ స్టోరులో ఆ రంపం మూలకు పడి ఉంటే అడిగి విప్పుకొచ్చాడట.

"పెద్దాయన ఉండగా తేలేకపోయానండి. క్షమించండి," అన్నాడు.

ఆయన నన్ను క్షమించమనడం వింటూ నిలబడ్డాను.

మర్నాడు షెడ్డు తెరిచి, రంపం దించి, కాయిల్ బిగించాను. తిరిగే చక్రానికి, కాయిల్‌కు మధ్య కార్డు మందం సందు ఉండాలి. దానికి మామ ఒక విజిటింగ్ కార్డు వాడేవాడు. ఎవరో సాఫ్ట్‌వేర్ ఆయనది, మూలలు నలిగి నల్లబడింది. డబ్బాలో అలాగే ఉంది. దాన్ని పెట్టి, స్క్రూలు బిగించి, కార్డు లాగేశాను. కాస్త పెట్రోలు పోసి తాడు లాగాను. దగ్గింది, ఆగింది. మళ్లీ లాగితే అందుకుంది.

తుమ్మ మొద్దు పక్కనే ఉంది. కోయలేదు. గుడ్డ విప్పాలని ముడి మీద చెయ్యి వేశాను. వదులు ముడి, లాగితే వచ్చేస్తుంది. ఆయన వేళ్లు అంతకంటే గట్టిగా బిగించలేకపోయాయి. చెయ్యి తీసేశాను.

పైన పెట్టాలంటే ట్యాంకు ఖాళీ అవ్వాలి కనుక బల్ల మీద దాన్ని అలా నడవనిచ్చి ముందు కూర్చున్నాను. పిడికి ఉన్న ఎర్ర పేలిక అదురుతూనే ఉంది. చివరికి ఇంజను ఒక్కసారి జోరందుకుంది. గుడ్డ రెపరెపలాడి, చప్పుడు ఆగాక మెల్లగా పిడి మీదికి వాలింది.