పట్టుకుంటేనే నాది

మా అపార్టుమెంటు కింద కొత్తగా బేకరీ పెట్టారు. పొద్దున్నే ఏలకులు వేసిన బన్నులు కాలుస్తారు కాబోలు, ఆ వాసన మెట్ల సందులోంచి పైకెక్కి తిన్నగా మా వంటింట్లోకి వచ్చేస్తుంది. మొదటిరోజు ఆ వాసన తగలగానే నేను పొయ్యి మీద పాల సంగతే మర్చిపోయి నిలబడిపోయాను. పాలు పొంగి స్టవ్వంతా పాడైంది. మా కోడలు పరుగెత్తుకొచ్చి, "కళ్ళు తిరిగాయా అత్తయ్యా, చెయ్యి అలా పట్టుకున్నారేంటి?" అంది. అప్పుడు చూసుకుంటే నా కుడిచేతి మణికట్టును ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాను. "ఏం లేదమ్మా, సిస్టరమ్మ గుర్తొచ్చింది" అన్నాను. సిస్టరమ్మ ఎవరో ఆ పిల్లకు తెలీదు. ఈ కొండాపూర్‌లో ఇప్పుడు తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు. చుట్టూ అద్దాల మేడలు, వాటికింద నిలబడి ఫోన్లు చూసుకునే పిల్లలు. వాళ్ళు నిలబడే చోట ఒకప్పుడు ఏనుగంత బండలుండేవని, ఒక బండ పక్కన రాతిగోడల ఇల్లుండేదని, అందులో ఒక మనిషి కూర్చుని నాకు నార్వే భాష నేర్పిందని చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

అరవై తొమ్మిది నాటి మాట. మా నాన్నగారు తెనాలి నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. కూకట్‌పల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. నేను నర్సింగు పూర్తిచేసి పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. నార్వేలో పిల్లల నర్సింగుకు పై శిక్షణ ఇస్తారని, మన దగ్గర్నుంచి ఒక్కరినే తీసుకుంటారని, ఖర్చంతా వాళ్ళదేనని తెలిసింది. అయితే అక్కడి నుంచి వచ్చే పెద్ద నర్సు ముందు కూర్చుని వాళ్ళ భాషలో కాస్తయినా మాట్లాడగలగాలి. అప్పటికే ఊళ్ళో గొడవలు మొదలయ్యాయి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళం మేము. మా కొలువులన్నీ మీరే ఎత్తుకుపోయారని ఇక్కడి పిల్లలు రోడ్లెక్కారు. ఇల్లుగలాయన మర్యాదగానే, ఖాళీ చేస్తే బాగుంటుందన్నాడు. నాన్నగారు రాత్రిళ్ళు నిద్రపోయేవారు కాదు. ఆ సీటు రాకపోతే నేను ఉద్యోగం మానేసి అమ్మతోపాటు తెనాలి వెళ్ళిపోవాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. అంటే ఇక నా నర్సింగుకు నీళ్ళొదులుకోవడమే. ఆ సీటు తప్ప నాకు వేరే దారి లేదు.

రుక్మిణి సిస్టరమ్మ ఇక్కడి మనిషే, ఖాజాగూడ ఆడపడుచు. వయసులో ఉండగానే భర్త పోతే నర్సింగు చదివింది. ఒక నార్వే డాక్టరమ్మ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి, వాళ్ళ దేశంలో శిక్షణ పొంది వచ్చి, పెద్దాసుపత్రిలో మేట్రన్‌గా రిటైరైంది. ఆవిడ పేరు చెబితే హౌస్ సర్జన్లు చొక్కా గుండీలు పెట్టుకునేవాళ్ళట. ఆదివారాలు నాన్నగారు నన్ను సైకిలు మీద కొండాపూర్‌లో దింపి, ఆ రాతింటి బయట వేపచెట్టు కింద కూర్చునేవారు. నాతోపాటు విమల అని ఇంకో నర్సు కూడా నేర్చుకునేది గాని, గొడవలు పెరిగాక వాళ్ళవాళ్ళు పంపడం మానేశారు. దాంతో ఆవిడ కోపానికీ చిరాకుకూ నేనొక్కదాన్నే గతి అయ్యాను.

ఆవిడ చదువు చెప్పే పద్ధతి వేరు. పుస్తకం లేదు. నేల మీద ఒక పాత చద్దరు పరిచేది. లోపలికి రాగానే వాచీ, దువ్వెన, గొడుగు, చెప్పులు, మన దగ్గరున్నవన్నీ ఆ చద్దరు మీద పెట్టెయ్యాలి. ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని, అది నాదని ఆ భాషలో చెప్పి తీసుకోవాలి. మనకి 'నా' ఒక్కటే. వాళ్ళకి నాలుగు. వస్తువును బట్టి మిన్ అనో, మీ అనో, మిట్ అనో, మీనె అనో అనాలి. పైగా వస్తువు పేరు ముందు చెప్పి మనం వెనకాల నిలబడాలి. వాచీ నాది అనాలంటే 'క్లొక్కా మీ'. నాది అనడానికి మీ అనాలా, ఇదెక్కడి గోలరా బాబూ అని నాకు ఒళ్ళు మండేది. తప్పు చెప్తే ఆ వస్తువు వచ్చే ఆదివారం దాకా చద్దరు మీదే ఉండిపోతుంది. సరిగ్గా చెప్పినా, చేత్తో పట్టుకోకుండా చెప్తే ఇవ్వదు. "దూరంకెల్లి నాది నాది అని ఎవ్వరైనా అంటరు. పట్టుకొని చెప్పు" అనేది.

ఆ వాచీ నేను నర్సింగు పాసైనప్పుడు నాన్నగారు కొనిపెట్టింది. మొదటి ఆదివారం దాన్ని పట్టుకుని 'మా వాచీ' అనే అర్థం వచ్చేలా చెప్పాను. మనకి అన్నీ 'మా' కదా, మా ఇల్లు, మా అమ్మ, మా ఊరు. నాన్నగారు కొన్నది నాదెలా అవుతుందని కూడా లోపల్లోపల అనిపించింది. సిస్టరమ్మ నా చేతిలోంచి వాచీ తీసుకుని చద్దరు మీద పెట్టేసింది.

"మీ నాయన గుడ కట్టుకుంటడా దీన్ని?"

"లేదండి."

"మీ అమ్మ?"

"లేదండి."

"మరి ఎంతమంది మీరు? మా అంటే మందిల దాక్కునుడు పిల్లా. రేపు ఆ దొరసాని ముంగట మీ నాయన కూసోడు, మీ అమ్మ కూసోదు. నువ్వొక్కదానివే కూసుంటవ్."

వారమంతా వాచీ లేకుండా డ్యూటీ చేశాను. నాడి చూడాల్సి వచ్చినప్పుడల్లా గోడగడియారం దగ్గరికి పరుగు. ఇంట్లో అమ్మ, "చదువు చెప్పమంటే వస్తువులు లాక్కుంటుందేమిటే ఆ మనిషి?" అని సణిగింది. నాకూ అలాగే అనిపించింది. ఆ వారం నేను ఆవిణ్ణి తిట్టుకోని పూట లేదు. తరవాతి ఆదివారం వాచీని పిడికిట్లో బిగించి, పళ్ళు కొరికినట్టు చెప్పాను. ఆవిడ ముఖంలో మార్పేమీ లేదు. లేచి వెళ్ళి, కుంపటి మీద ఇనప గిన్నెలో ఇసక పోసి కాల్చిన ఏలకుల రొట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అక్కడ నేర్చుకున్న వంటట. అడుగు మాడి ఉంది, లోపల దూదిలా ఉంది. నేను రెండు తిన్నాను.

ఇల్లు అన్న మాట దగ్గర నేను నిజంగానే ఆగిపోయాను. 'హూసె మిట్' అనమంది. నోరు రాలేదు. ఆ వారమే ఇల్లుగలాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు.

"నాది కాదండి. కిరాయిది" అన్నాను.

"పొద్దుగాల ఊడ్చేదెవరు?"

"నేనేనండి."

"జ్వరమొస్తే ఏడ పండుకుంటవ్?"

కళ్ళనీళ్ళు చద్దరు మీద పడ్డాయి. ఏడుస్తున్నందుకు ఆవిడ ఓదార్చలేదు, కసరలేదు. కాసేపటికి, "ఇంటి తాళంచెవి ఉన్నదా నీ తాన?" అంది. కొంగున ముడివేసి ఉంది. దాన్ని పట్టించి చెప్పించింది. నేను చెప్పేదాకా వదల్లేదు.

అప్పట్లో బస్సుల్లో మనిషి మాట వినే ఏ ప్రాంతమో పోల్చేవాళ్ళు. అందుకని అమ్మ నాకు ఇంట్లో ఇంకో చదువు మొదలుపెట్టింది. గిట్ల అను, గట్ల అను, ఏంది అను, చచ్చినా అండి అనకు. ఒక ఆదివారం సిస్టరమ్మ దగ్గర నేను పొరపాటున ఆ కొత్త మాట వాడాను. "ఇగ పోతనమ్మా" అన్నాను. ఆవిడకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నా మాట నాకే అమ్ముతున్నవా? భయానికి కట్టుకున్న మాట ఒంటి మీద నిల్వదు పిల్లా. నీకున్నదే మంచిగ మాట్లాడు" అంది. నాకూ రోషం వచ్చింది. మీకేమండీ, మిమ్మల్నెవరూ బస్సులోంచి దింపరు అనేశాను. ఆవిడ చద్దరు మడతపెట్టేసింది. తరవాత, పరీక్షనాడు నేను గుడ వస్త అని మాత్రం అంది.

అన్నట్టే ఆ రోజు తెల్లవారకుండానే కొండాపూర్ నుంచి ఎడ్లబండిలో కూకట్‌పల్లి వచ్చేసింది. నాన్నగారు వస్తానంటే వద్దంది. సికింద్రాబాద్‌లో పరీక్ష, ఆ నార్వే పెద్దావిడ మధ్యాహ్నం రైలుకే బొంబాయి వెళ్ళిపోతుంది. ఆలస్యమైతే అంతే సంగతులు. బస్సులో జనం పల్చగా ఉన్నారు. సగం దూరం పోయాక రోడ్డుకడ్డంగా రాళ్ళు. బస్సు ఆగింది. కొందరు కుర్రాళ్ళు ఎక్కారు. కాలేజీ పిల్లలే. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఒక్కొక్కరినీ ఏ ఊరని అడుగుతూ, కొందరిని దించేస్తూ వస్తున్నారు. ముందు సీటులో ఒక పెద్దమనిషి సంచీ తీసుకుని తనంతట తనే దిగిపోయాడు. అమ్మ నేర్పిన మాటలు లోపల వల్లెవేసుకుంటున్నాను.

"మీరు?" అని సిస్టరమ్మను అడిగాడు, ముందున్నతను.

"కొండాపూర్."

"నువ్వు?"

"కూకట్‌పల్లేనండి" అన్నాను.

ఆ అండి అంత గట్టిగా నా నోట ఎన్నడూ రాలేదు. అతను నావంక ఒక క్షణం చూసి, "దిగు" అన్నాడు. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. అంతలో నా కుడిచేతి మణికట్టు మీద ఉడుం పట్టు పడింది. గాజులు చిట్లిన చప్పుడు నాకు వినిపించింది. "కూసో" అంది సిస్టరమ్మ నాతో. తరవాత అతనితో, "ఈ పిల్ల నాది" అంది.

"అమ్మా, మీరు మనోళ్ళు. ఆమె ఆంధ్ర పిల్ల."

"కాదన్ననా? ఆంధ్ర పిల్లే. మీ కొలువుల మాట గుడ నిజమే. మా అక్క కొడుకు డిగ్రీ చేసి ఇంట్లనే కూసున్నడు. అడుగుండ్రి, గట్టిగ అడుగుండ్రి. నేనొస్త మీతోని. కానీ ఈ పిల్ల నాది. చూడు, పట్టుకొనే చెప్తున్న."

"ఆమె మీకేమైతది?"

"ఏమైతదో నాకు తెల్వదు. నాది."

అతను ఆవిడ చేతివంక చూశాడు. గాజు ముక్క దిగి నా చేతినుంచి నెత్తురు కారి ఆవిడ తెల్లచీర మీద పడుతోంది. అతని ముఖం మారింది. ఎంతైనా చిన్నపిల్లాడు.

"అమ్మా, రక్తమొస్తున్నది. విడువుండ్రి" అన్నాడు.

"నువ్వు బస్సు దిగినంక విడుస్త" అంది.

అతను దిగాడు. మిగతావాళ్ళూ దిగారు. బస్సు మాత్రం ఇక కదలలేదు, డ్రైవరు రానన్నాడు. మిగిలిన దారంతా మేమిద్దరం నడిచాం. విడుస్తానన్న మనిషి విడవలేదు. ఎండలో, మూసిన కొట్ల ముందునుంచి, నా చెయ్యి అలాగే పట్టుకుని నడిపించింది. ఒకచోట ఆగి చేతిరుమాలుతో కట్టుకట్టి, ముడి మీద మళ్ళీ పట్టుకుంది. నాకు నొప్పి తెలియలేదు. ఏ సందులో అలికిడైనా ఆవిడ పట్టు ఇంకా బిగుస్తోందని మాత్రం తెలిసింది. మేట్రన్‌గా వార్డులన్నీ గడగడలాడించిన మనిషికి భయం వేసింది, నా గురించి. అది తెలిసి నాకు ఏడుపొచ్చింది.

మేం వెళ్ళేసరికి నార్వే ఆవిడ పెట్టె సర్దుకుని కూర్చుంది. గడియారం చూసి, సరే రమ్మంది. సిస్టరమ్మను బయటే ఉండమన్నారు. బల్ల మీద పెన్ను, కళ్ళజోడు, గొడుగు పెట్టి ఏవేవో అడిగింది. అన్నాళ్ళు నేర్చుకున్నదంతా గాలికి పోయింది. ఒక్క ముక్క రాలేదు. ఆవిడ పెదవి విరవబోతూ నా కట్టు చూసి, చేతికేమైందని అడిగింది.

"లేరెరిన్నెన్ మిన్" అన్నాను. మా టీచరు కాదు, నా టీచరు. నా టీచరు పట్టుకుంది.

ఎందుకు, అంది ఆవిడ. దానికి సరిపడా భాష నా దగ్గర ఎక్కడుంది? గొడవలు, రాళ్ళు, కొలువులు, ఇవేవీ చద్దరు మీద లేవు. నా దగ్గరున్న మాటల్లో వెతుక్కుని, నేను ఆమెదాన్ని, అని చెప్పాను. ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టేసింది. తలుపు తీసి, బయట బెంచీ మీద నెత్తుటి మరకల చీరతో నిటారుగా కూర్చున్న సిస్టరమ్మను చూసి వచ్చింది. ఆ తరవాత నన్ను ఇంకేమీ అడగలేదు. సీటు నాకే ఇచ్చారు.

ఇంటికొచ్చాక అమ్మ గాజులు చూసి గుండెలు బాదుకుంది. పగిలాయనకూడదు, పెరిగాయనాలి అంది. పెరిగాయనే అన్నాను.

నేను నార్వే వెళ్ళి శిక్షణ ముగించి, అక్కడే మరికొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చేసరికి సిస్టరమ్మ లేదు. జ్వరంతో పోయిందట. ఆవిడకోసం పెట్టెలో అక్కడి ఏలకుల బన్నులు తెచ్చాను, అవి రాయిలా ఎండిపోయి ఉన్నాయి. తరవాత్తరవాత ఆ బండను పేల్చి కంకర కొట్టుకున్నారు. ఇల్లు పోయింది, వేపచెట్టు పోయింది. ఇప్పుడక్కడ ఎన్నో అంతస్తుల అద్దాల మేడ ఉంది. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు దాని ముందు కాసేపు ఆగుతాను. కాపలా అతను, "ఎవరు కావాలమ్మా?" అని అడుగుతాడు.

ఆవిడది నా దగ్గర ఏమీ లేదు. ఫోటో లేదు, ఆ చద్దరు ఎవరు తీసుకున్నారో తెలీదు. సిస్టరమ్మ నాది అనాలంటే ఏదో ఒకటి చేత్తో పట్టుకోవాలి కదా, ఊరికే అంటే ఆవిడ ఒప్పుకోదు. అందుకని కుడిచేతి మణికట్టు పట్టుకుంటాను. అక్కడ గాజు దిగిన మచ్చ వేలికి ఇంకా తగులుతుంది. పట్టుకునే చెబుతున్నాను సిస్టరమ్మా, నువ్వు నాదానివి.