మామయ్య మొల ఆపరేషన్

రాయచూరు సంతలో ఆకులతో సహా అమ్మే క్యారెట్లు కనబడితే అందరికీ హల్వా గుర్తొస్తుందేమో. ఆ ఆకు నలిగిన వాసనకి నాకు మాత్రం శేషు మామయ్య మీద కోపం వస్తుంది. ఇన్నేళ్ళయినా వాడిపోలేదు, మంచి రకం కోపం.

అప్పుడు నేను ఆరో తరగతి. మల్లట్ దగ్గర, కోస్తా నుంచి వలసొచ్చిన రైతులు కట్టుకున్న మా క్యాంపులో, కాలవకి నీళ్ళొదిలిన రోజు నుంచి ఊరంతా నారుమళ్ళ బురద వాసనే. అమ్మా నాన్నా నాట్ల కూలీల వెంట పొలంలో ఉంటే, నేను బడి నుంచి రాగానే గట్ల మీద లేత గడ్డి కోసుకుని, సంతలో పారేసిన క్యారెట్ ఆకులు ఏరుకుని, పాత ధాన్యం బస్తాలు కప్పిన చెక్కపెట్టె ముందు కూర్చునేదాన్ని. అందులో బొరుగు, బెల్లం ఉండేవి. తెల్లటి బొరుగు ఆడకుందేలు. గోధుమరంగు బెల్లం మగది, పనీపాటా లేనిది. దాని తీరుబడికి ఫలితంగా శ్రావణంలో పెట్టె నిండా పిల్లలు.

మా అమ్మ తమ్ముడు శేషు మామయ్య కోస్తా నుంచి కొత్తగా వచ్చి, మా ఇంట్లో ఉంటూ కౌలు పొలం వెతుక్కునేవాడు. దసరా పొద్దున, పక్క క్యాంపులో పెంచుకునేవాళ్ళకి ఇచ్చొస్తానని పిల్లల్ని బుట్టలో పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చాక అమ్మ గారెలు పెడితే ముట్టలేదు. పిల్లలెలా ఉన్నాయి మామయ్యా అంటే, నా చెయ్యి తన పొట్టకి ఆనించి, "ఇదుగో, ఇంకా గెంతుతున్నాయి. దీపావళికి మళ్ళీ ఈనుద్దిలే, ఏడవకు" అన్నాడు.

నేను ఏడవలేదు. రెండింటికీ ఆపరేషన్ చేయించమని అమ్మనడిగాను. పిల్లలే పుట్టకపోతే ఆయన బుట్టకి పనుండదు.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "నోరులేని జీవాలే, పాపం తగులుద్ది."

"అత్తయ్యగారు చెప్పిందే ధర్మం" అన్నాడు మామయ్య. ఆయన జీవకారుణ్యం అల్లం వెల్లుల్లి లేకుండా బయటపడటం అదే మొదలు.

అమ్మ ఎటూ తేల్చలేదు. మత్తిస్తే మళ్ళీ లేస్తాయో లేదోనని ఆమె భయం. నా భయం ఇంకొంచెం పెద్దది: లేవకపోతే చంపింది మామయ్య కాదు, నేను. నాయనమ్మ మళ్ళీ పాపమన్న రోజు, బియ్యం చెరుగుతున్న అమ్మ చేట ఆపకుండానే, "నాకు చేయించినప్పుడు పాపమని ఎవరూ అన్లేదే అత్తయ్యా" అంది. ఆ తర్వాత మా ఇంట్లో ధర్మం గురించి ఎవరూ మాట్లాడలేదు.

పశువుల డాక్టరు కన్నడాయన. ఆడదానికి ప్రమాదమని, మగదానికి చేస్తే చాలని, "గండు మొలక్కె మాడోణ" అన్నాడు. బెల్లాన్ని సోమవారం మాన్వి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళే పని, బండి ఉన్నది ఆయనకే గనక, అమ్మ తమ్ముడికే అప్పగించింది.

కన్నడంలో మొల అంటే కుందేలు. మా క్యాంపు పెద్దలకి అంత కన్నడం రాదు; వాళ్ళకి మొలలంటే కూర్చోనివ్వని జబ్బు. ఆదివారం టీ హోటల్లో పాలు పోయడానికి వెళ్ళి, నేను నిజం తప్ప ఇంకేమీ చెప్పలేదు.

"రేపు మా మామయ్య మొల ఆపరేషన్‌కి మాన్వి వెళ్తున్నాడండీ."

"ఈ వయసులోనా? పాపం, పెళ్ళన్నా కాలేదు" అంది హోటల్ సీతమ్మ గారు. "కారం తగ్గించమనవే."

"అలాగేనండి" అన్నాను. ఇంటికొచ్చి చెప్పడం మర్చిపోయాను.

ఆపరేషన్ అయిన సాయంత్రానికే బెల్లం లేచి గడ్డి తింది. డాక్టరు చెప్పినట్టు కొన్నాళ్ళు విడిగా ఉంచాం. బొరుగు మళ్ళీ ఈనలేదు.

ఆ ఏడే మామయ్యకి అరకేర వైపు సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఆయన కుర్చీ మీద మాత్రం దిండు వేశారు. మర్యాదనుకుని కూర్చున్నాడు. సంబంధం తప్పిపోతుందేమోనని భయపడ్డాను. నా అదృష్టం, కుదిరింది.

ఇప్పుడా క్యాంపులో కుందేళ్ళు లేవు, టీ హోటల్ లేదు, నాయనమ్మ లేదు. పిల్లలంతా బళ్ళో కన్నడమే చదువుతున్నారు. మొల అంటే ఏంటో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అంత మంచి పొరపాటు ఇంకెవరికీ దొరకదు. ఈమధ్య మామయ్య అత్తారింట్లో శుభకార్యానికి వెళ్తే ఆయన పక్కనే నా విస్తరి. అందరికీ నాటుకోడి ఇగురు. ఆయనకి మాత్రం, మొలలకి మంచిదని పెళ్ళయినప్పటి నుంచీ వండుతున్న కారం లేని కంద కూర. అల్లుడి ముందు ఆ జబ్బు పేరెత్తేంత మర్యాద తక్కువ వాళ్ళు కారు.

"వీళ్ళకి నేనంటే ఎందుకే ఇంత జాలి?" అన్నాడు మెల్లగా.

"మంచివాళ్ళు మామయ్యా" అని, ఇంకో ముక్క వేయించుకున్నాను.