కొత్త రాణి మాట వచ్చేలోగా

మా అమ్మమ్మ పేరు రబుదు. ఆవిడ పాముకు భయపడేది కాదు, పొగరుబోతు ఎద్దుకూ భయపడేది కాదు. పుస్తకం కనిపిస్తే మాత్రం వణికిపోయేది. తప్పు ఆమెది కాదు. పాత రాణిగారి కాలంలో తెల్లవాళ్లు తెచ్చిన దేవుడి పుస్తకం చదవడం నేరం. వాళ్ల నాన్న వాకిట్లోని వడ్లపాతరలోకి దిగి, దీపం పెట్టుకుని చదువుకునేవాడట. సిపాయిలు ఆయన్ను అందులోంచే ఈడ్చుకుపోయారు. ఆయన సంకెళ్లలోనే పోయాడు.

తర్వాత కాలం తలకిందులైంది. కొత్త రాణిగారు తానే బాప్తిస్మం తీసుకుని, తాతల నాటి రక్షలన్నిటినీ మంటల్లో వేయించింది. మా ద్వీపం నడిమి ఇమెరినా కొండల్లో ఊరూరా చర్చి, దాని పక్కనే బడి లేచాయి. పిల్లలందరూ చదవాల్సిందేనని చాటింపు వేశారు. అమ్మమ్మ ఏం చేసింది? మా అమ్మ రకేతకను తీసుకెళ్లి అదే పాతరలో దాచింది! కంగారులో ఆవిడకు ఇంకో చోటు తట్టలేదు మరి.

బడి మాస్టారు రమాక వెతుక్కుంటూ వచ్చాడు. చాప వేసి, మా వైపు మర్యాద ప్రకారం మాడు అన్నంలో కాచిన నీళ్లిచ్చింది అమ్మమ్మ.

"పిల్ల ఏదమ్మా?"

"మేనత్త ఊరెళ్లింది బాబూ. ఇప్పట్లో రాదు."

అంతలో పాతరలోంచి ఖళ్లుఖళ్లున దగ్గు. వడ్ల దుమ్ము ఊరుకుంటుందా?

"మీ వడ్లకి జలుబు చేసినట్టుందమ్మా," అన్నాడు మాస్టారు నవ్వుతూ.

అమ్మమ్మ నవ్వలేదు. పిల్లను పైకి లాగి, ఒళ్లంతా దులిపి, "తీసుకుపోండి. మా నాన్ననీ ఇక్కణ్నుంచే తీసుకుపోయారు," అంది.

మర్నాటి నుంచి పిల్లతో పాటు అమ్మమ్మ కూడా బడికి వెళ్లేది. లోపలికి కాదు. గుమ్మం బయట, దారి వైపు మొహం పెట్టి కూర్చునేది.

"చదవమన్నది రాణిగారే కదమ్మా, ఇంకా భయమెందుకు?" అన్నాడు మాస్టారు.

"చదవొద్దన్నదీ రాణిగారే కదయ్యా. మాట మారితే, వచ్చేవాళ్లు ముందు నన్ను దాటాలి."

"ఒసే రకేతకా, మీ కాపలా కుక్క వచ్చేసిందే!" అని పిల్లలు ఏడిపిస్తే అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. ముసలితనంలో అది చెబుతూ నవ్వేది, నవ్వుతూనే కళ్లు తుడుచుకునేది. ఆ బడి ఇప్పుడు లేదు. నేను చూడని ఆ రోజుల మీద నాకింత బెంగేమిటో తెలియదు.

అమ్మ కూడబలుక్కుని చదివే దాకా వచ్చింది. అప్పుడు రాణిగారు పోయారు. ఆచారం ప్రకారం ఆడా మగా అందరూ గుండ్లు గీయించుకున్నారు. గద్దె మీదికి ఇంకో రాణి వస్తోందన్నారు. ఆవిడ మనసులో ఏముందో ఎవరికి తెలుసు? రబుదు మళ్లీ పిల్లను పాతరలోకి దింపుతుందని ఊరంతా అనుకుంది. అమ్మ కూడా అదే అనుకుని ఏడుపు మొదలుపెట్టింది.

అమ్మమ్మ ఆ పిల్లను రెక్క పట్టుకుని నేరుగా మాస్టారి ఇంటికి లాక్కెళ్లింది.

"ఇంకా ఎంత మిగిలింది చదువు?"

"చాలా ఉందమ్మా. సంతాపం రోజులు కదా, బడి..."

"బడి సంగతి నాకెందుకు? కొత్తావిడ మాట వచ్చేలోగా మొత్తం నేర్పెయ్యి బాబూ," అంటూ పిల్ల బోడితల మీద చెయ్యి వేసింది. "జుట్టంటే గొరిగేశారు. లోపలికెళ్లింది గొరగలేరుగా!"