జ్వరం లేదన్నాను

మొన్న తమ్ముడి ఇంటికి పోతే, వాడి కోడలు నన్ను గడప దగ్గరే ఆపి, చేతులు సబ్బుతో కడిగించి, మూతికి మాస్కు కట్టుకున్నాకే లోపలికి రమ్మంది. తమ్ముడికి కిడ్నీలు చెడిపోయి, సిద్దిపేటలోనే వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తున్నారు. ఒక్క క్షణం కోపం పొడుచుకొచ్చింది గానీ వెంటనే సిగ్గేసింది, ఎందుకంటే ఆ పిల్ల చేసిన పని ఒకప్పుడు నేను నా భార్య కోసం చేసి ఉండాల్సింది.

అప్పటికి నేనింకా మగ్గం నేస్తున్నాను. ఆమెను డయాలసిస్‌కు హైదరాబాదు తీసుకుపోయేవాణ్ణి, మెడ దగ్గర పెట్టిన గొట్టాన్ని తీయకుండా, దానిపై కట్టు కట్టి ఇంటికి పంపేవారు. అక్కడి నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, "మిషన్ రక్తం కడుగుతది గని, రోగంతోని కొట్లాడే బలం తెచ్చియ్యదన్నా. గీ గొట్టం కాడికెల్లి పురుగు లోపలికి పోతది. ఆమెకు జ్వరం గూడ రాకపోవచ్చు, చలి పెట్టినా, మత్తుగ పండుకున్నా ఎంటనే తోల్కరా" అంది. నేను తలూపాను. జ్వరం రాని రోగమేమిటని లోలోపల నవ్వుకున్నాను కూడా; మా తరంలో ఒళ్లు కాలితేనే రోగం, కాలకపోతే నకరాలు.

మా వాడలో దవాఖాన నుంచి వచ్చిన మనిషిని చూసిపోకపోతే తప్పు, చూడవచ్చినవాళ్లను మంచం పక్కన కూర్చోబెట్టకపోతే అంతకన్నా తప్పు. ఒకసారి డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చిన రోజు నా భార్య, "ఇయ్యాల తలుపు పెట్టు, ఎవ్వరిని రానియ్యకు, నాకు భయమైతుంది" అని బతిమాలింది. నలుగురూ ఏమనుకుంటారని కసురుకుని తలుపులు బార్లా తెరిచాను. దౌల్తాబాద్ నుంచి మా మేనత్త ఖళ్లుఖళ్లున దగ్గుతూ వచ్చి, తన కొంగుతోనే ఆమె మెడ మీది చెమట తుడిచి, ఇదేందని ఆ గొట్టం కట్టును వేలితో తడిమి చూసింది. పాపం, మేనత్తకు ఆమె అంటే ప్రాణం.

రెండోనాడు పొద్దున ఆమె వణికింది, ఆ తర్వాత పిలిచినా పలకకుండా పడుకుంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. జ్వరమే లేదు, లేచి ఇంత జావ తాగమని తిట్టి, పోయి మగ్గం మీద కూర్చున్నాను. ఆ రోజు చీర అంచు చాలా బాగా కుదిరింది, అది కూడా గుర్తుంది. సాయంత్రం మగ్గం దిగి చూస్తే, ఎంత కదిపినా కళ్లు తెరవలేదు. హైదరాబాదు చేర్చేసరికి రక్తమంతా విషమెక్కిందన్నారు. మూడోనాడు పోయింది. డాక్టరు నన్ను ఏమీ అనలేదు, జ్వరం తెచ్చుకునే శక్తి కూడా ఆమె ఒంట్లో మిగల్లేదని మాత్రం మెల్లగా చెప్పాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు రోగిని ఫోన్లో చూసి పలకరిస్తున్నారు, తలుపు వేసుకుంటే తప్పుపట్టేవాళ్లూ లేరు. ఆ రాకపోకలు, ఆ ఆప్యాయతలు పోయాయని నా ఈడువాళ్లు బాధపడుతుంటే నేను వంతపాడలేను. మనవరాలు నిద్రపోతున్నప్పుడు నుదురు తాకి చూస్తుంటాను. వెచ్చగా తగిలితే మందు వేస్తాను. చల్లగా తగిలితే, లేపి ఒక్క మాట పలికించేదాకా నా ప్రాణం కుదుటపడదు.