వంతెనకు వెల్డర్ల లెక్క

వంతెన కట్టబోయే ముందు, ఆ ప్రాంతంలో ఎవరికి ఏ పని వచ్చో లెక్క తీయడానికి గుమాస్తా ఇంటింటికీ తిరిగాడు. ముప్పై ఏళ్లుగా ఇనుము అతుకుతున్న పెద్దాయనను, "వెల్డింగ్ వచ్చా?" అని అడిగాడు.

"ఏదో, కొద్దిగా," అన్నాడాయన, మర్యాదస్థుడు కనుక.

గుమాస్తా "నైపుణ్యం స్వల్పం" అని భద్రంగా రాసుకున్నాడు. పెద్దాయనను మూడు నెలల శిక్షణకు పంపారు.

వంతెన పనికి మనుషుల్ని ఎంచుకునే రోజు భార్య గుమ్మంలో ఆపింది. "ఇవాళైనా కాస్త గొప్పలు చెప్పుకోండి. మీ వినయాన్ని వండుకు తినలేం."

"సరేలేవే."

ఆయన వేసిన అతుకు చూసి ఇంజనీరు నోరెళ్లబెట్టాడు. "ఇంత పనితనం ఎలా వచ్చింది పెద్దాయనా?"

పెద్దాయన చేతులు కట్టుకున్నాడు. "అంతా మా శిక్షణ మాస్టారి చలవ సార్."

ఉద్యోగం మాస్టారికి దక్కింది. అభినందించిన వారిలో పెద్దాయనే మొదటివాడు.