నాలుగు పేర్ల వరస

అక్క నన్ను మొదటిసారి ట్రేతో కొట్టింది. పట్టుపురుగులు పెంచే ప్లాస్టిక్ ట్రే అది, అంచు పదునుగా ఉంటుంది. ఎడమ కనుబొమ్మ మీద తగిలి చర్మం చీలింది. రెండోసారీ అదే ట్రేతో కొట్టింది. మూడోసారికి ట్రే విరిగిపోయింది కాబట్టి చేత్తో కొట్టింది. రక్తం కంట్లోకి దిగుతుంటే నాకు వచ్చిన ఆలోచన ఒకటే: ఆ ట్రేను పొద్దున కడిగి ఎండలో పెట్టింది నేనే కదా అని.

అక్క అంటే తోడబుట్టినది కాదు. చింతామణి దగ్గరి ఒక కాలేజీలో నాకంటే నాలుగేళ్లు ముందు పరిశోధనకు చేరిన సీనియరు. బాగేపల్లి పక్కన ఒక ఊళ్లో భూములున్న రైతుల ఇంటి పిల్ల. గొంతు పెంచి మాట్లాడటం అప్పటిదాకా నేను వినలేదు. ఆ రోజు మాత్రం చింతామణి బస్టాండుదాకా వినిపించి ఉంటుంది.

"ఏం రాసి పంపినావురా? చెప్పు, ఏం రాసినావు?"

"నువ్వు చెప్పిందే రాసినా అక్కా."

"నేనేం చెప్పినా?"

"వరస."

దానికే మూడో దెబ్బ.

నిజం చెప్పాలంటే మా పనిలో హింస కొత్తేమీ కాదు. సున్నకట్టు అని ఒక తెగులుంది. సోకిన పురుగు చచ్చి సున్నపు ముద్దలా గట్టిపడిపోతుంది. ఆ తెగులును ముందే పసిగట్టడం ఎలాగన్నది అక్క పరిశోధన. బాగేపల్లి, గుడిబండె ఊళ్లలో రైతుల పెంపకపు ఇళ్లు తిరిగి పురుగులు తెస్తాం. మంచివాటికి తెగులు అంటిస్తాం. చచ్చేదాకా కూర్చుని చూస్తాం. చచ్చాక కడుపు కోసి, రోట్లో వేసి నూరుతాం. నూరేవాణ్ణి నేను. ఏడాదిలో ఎన్ని ప్రాణాలు తీశానో చెప్పలేను. ఇంట్లో మాత్రం వీడు దోమను కొట్టడానికి కూడా లేవడని మా అమ్మ ఫిర్యాదు.

అక్కకు ఒక చిక్కు ఉండేది. మా విశ్వవిద్యాలయంలో థీసిస్ తీసుకోవాలంటే ఏదైనా పత్రికలో ఒక పేపరు ఆమోదం పొంది ఉండాలి, అందులో మొదటి పేరు ఆమెదే అయి ఉండాలి. రెండో పేరు పనికిరాదు, మూడోది అసలే పనికిరాదు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. ట్రే విరిగిన ఆ నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే ఐదేళ్ల పనిని గోనెసంచిలో కట్టుకుని బాగేపల్లి బస్సెక్కడమే.

అంతకు కొన్ని నెలల ముందు, పేపరు పంపాల్సిన రోజున అక్క గుడిబండె దగ్గర ఒక రైతు ఇంట్లో ఉంది. పురుగులు గూడు కట్టడానికి సిద్ధంగా ఉన్నాయి, కదలడానికి లేదు. ఫోను చేసింది. "అన్నీ సిద్ధంగా ఉండాయి. పైపేజీలో నలుగురి పేర్లు వరసలో పెట్టి పంపీప్పా" అంది.

ఇక్కడే నా చదువు అడ్డం వచ్చింది. కాలేజీ చదువు కాదు, అంతకుముందుది. మా చిన్నాన్నకు చింతామణిలో అచ్చాఫీసు ఉంది. పీయూసీ, అంటే ఇంటరు రోజుల నుంచీ పెళ్లిపత్రికలు కంపోజు చేసింది నేనే. అక్కడ వరస అంటే చుట్టరికం, వయసు. పెద్దవాళ్లు పైన, చిన్నవాళ్లు కింద. ఇంటి ఆడబిడ్డను చేసుకున్న అల్లుడు ఇంకా పైన. మేనమామ పేరు రెండో వరుసలోకి జారిందని ఒకాయన మా చిన్నాన్న గొంతు పట్టుకున్నాడు. ఇంకొకాయన ఇంకు డబ్బా ఎత్తి గోడకేసి కొట్టాడు. ఆ గోడ ఇప్పటికీ నీలంగానే ఉంది. అలాంటి చోట పని నేర్చుకున్న చేతులకు 'వరస' అన్న మాట వినబడితే అవి ఇంకెవరినీ అడగవు.

నలుగురిలో అందరికంటే పెద్దాయన మా గైడు సారుగారి బావ. సారు అక్కగారి భర్త. చిక్కబళ్లాపురంలో వేరే కాలేజీలో మేష్ట్రు. మా మైక్రోస్కోపు చెడిపోతే వాళ్లది రెండు వారాలు ఇప్పించారు, ఆ మర్యాదకు పేరు చేర్చాం. ఆయన్ను మొదట పెట్టాను. తర్వాత గైడు సారు. తర్వాత అక్క. చిట్టచివర నేను.

పరిశోధన పేపర్లలో పద్ధతి వేరు. చేసినవాళ్లు ముందు, చేయించిన గైడు చివర, మైక్రోస్కోపు ఇచ్చినవాళ్లు మధ్యలో ఎక్కడో. నేను పెట్టిన వరస ప్రకారం పని మొత్తం చేసింది బావగారు, ల్యాబు మొత్తం నడిపేది రోట్లో పురుగులు నూరే నేను. పరిశీలకులకు వెళ్లే ప్రతిలో పేర్లు ఉండవు కాబట్టి నెలల తరబడి ఎవరూ చూడలేదు. ఆమోదం వచ్చాక, అచ్చుకు ముందు సరిచూసుకోమని పత్రికవాళ్లు ప్రతి పంపినప్పుడు అక్క చూసింది. ట్రే విరిగింది ఆ రోజే.

పేర్ల వరస మార్చాలంటే నలుగురూ ఒక ఫారం మీద సంతకం, మా వైపు మాటలో సహి, చేయాలని పత్రికవాళ్లు రాశారు. నా కనుబొమ్మకు మూడు కుట్లు వేయించుకుని, అక్కతో, గైడు సారుతో కలిసి చిక్కబళ్లాపురం వెళ్లాను. బావగారు ఫారం చదివి మడిచి టీపాయి మీద పెట్టారు.

"ఏమమ్మా, నేనేమన్నా అడిగినానా నా పేరు ముందర పెట్టండని? మీరే పెడ్తిరి. దేవుడే పెట్టించినాడనుకుంటాండా."

"దేవుడు కాదు సార్, నేను" అన్నాను.

"నువ్వు ఊరుకోప్పా. మొదటి పేరుతో ఒకటి లేకనే నా ప్రమోషను ఇన్నేండ్లుగా ఆగుండాది. వచ్చిందాన్ని ఎవురన్నా తోసేసుకుంటారా?"

అక్క నెమ్మదిగానే అడిగింది. "ఆ పేపర్లో ఏముండాదో ఒక్క మాట చెప్పండి సార్. చెప్తే ఇట్లే లేసి పోతాము."

ఆయన కాసేపు ఆలోచించారు. "పట్టుపురుగులు" అన్నారు.

అక్క గైడు సారు వైపు తిరిగింది. బావ ఎదుట నోరు తెరవడం వాళ్లింట్లో ఆనవాయితీ కాదు. సారు నేలమీది టైల్సును ఎంత శ్రద్ధగా చూస్తున్నారంటే, మా పురుగులనైనా ఎప్పుడూ అంతగా చూడలేదు. అక్క చేతిలోని స్టీలు గ్లాసు విసిరింది. వేడి కాఫీ సారు చొక్కా మీద పడింది, గ్లాసు వెళ్లి షోకేసు అద్దాన్ని పగలగొట్టింది. లోపలున్న షీల్డులన్నీ దబదబా కిందపడ్డాయి. సారు కెవ్వుమన్నారు. ఆ ఇంట్లో ఆయన ఆ రోజు మాట్లాడింది అంతే.

సంగతి అక్క వాళ్ల ఊరికి చేరింది. మూడో రోజు పొద్దున ఆమె ఫోను. "మా అన్న బైకు తీసుకోని చిక్కబళ్లాపురం పోయినాడంట. ఆపుపో!" నేను ఎవరినైనా ఆపగలనని ఆమె అనుకోవడం నాకు ఇప్పటికీ గౌరవంగానే ఉంది.

నేను వెళ్లేసరికి బావగారి గేటు ఊడి రోడ్డు మీద పడి ఉంది. అన్న ఆయన్ను చొక్కా పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. నోటి మీద ఒక గుద్దు గుద్దాడు. ముందు పన్ను ఒకటి ముగ్గు మీద పడింది. చుట్టుపక్కలవాళ్లు మిద్దెలెక్కి చూస్తున్నారు, ఒకాయన ఫోనులో తీస్తున్నాడు. నేను అడ్డం వెళ్తే మోచేయి నా ముక్కు మీద దిగింది. సారుగారి అక్క చపాతీ కర్రతో పరుగెత్తుకొచ్చి, అన్నను కొట్టబోయి నా వీపు మీద నాలుగు వేసింది. కొట్టినవాళ్లలో గురి ఉన్నది అన్నకు ఒక్కడికే.

"నా చెల్లెలి పేరు ముందర పెడ్తావా లేదా? సహి చేస్తావా లేదా?" అంటూ అన్న ఆయన కుడి మణికట్టు పట్టుకుని వెనక్కి తిప్పాడు. టప్‌మని శబ్దం వచ్చింది. ఎండుకట్టె విరిగినట్టు చాలా చిన్న శబ్దం. దాని తర్వాత వచ్చిన కేక మాత్రం చిన్నది కాదు.

"అన్నా" అన్నాను ముక్కు పట్టుకుని, "అది సహి చేసే చెయ్యి."

అన్న ఆగాడు. ఆ చెయ్యిని చూశాడు, నన్ను చూశాడు. "ముందరే చెప్పేదానికేమి నీకు?" అన్నాడు నిష్ఠూరంగా.

ఆస్పత్రిలో అన్న వరండాలో నిలబడి ఉన్నాడు, పక్కన ఇద్దరు పోలీసులు. చింతామణి నుంచి వచ్చిన అక్క తిన్నగా అతని దగ్గరికి పోయి చెంప మీద కొట్టింది. పోలీసులు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఐదేండ్లు ఆ పురుగుల్తో నేను చస్తి. నువ్వొచ్చి ఐదు నిముషాల్లో దాన్ని కొట్లాట చేసేస్తివి. ఇంక నా పేరు ముందరొచ్చినా, కొట్టి పెట్టించుకునింది అంటారు. అనరా?"

"నీ కోసమే కదమ్మా..."

"నా కోసమని ఎవురడిగినారు నిన్ను?"

అతను ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక నేను నా ముక్కులోని దూది అటూ ఇటూ సర్దుకున్నాను.

నెలాఖరుకు నాలుగు రోజులున్నాయి. మరుసటి రోజు మధ్యాహ్నం అక్క వార్డులోకి వెళ్లింది. బావగారు ఆమెను చూడగానే మంచంలో వెనక్కి జరిగారు. "ఫారం తేమ్మా, ఎడమ చేత్తో చేసేస్తా. నా పేరే తీసేయండి, నాకొద్దు" అన్నారు. పన్ను పోవడంతో మాట సగం గాలిగానే వచ్చింది.

ఫారం ఆమె సంచిలోనే ఉంది. తీయలేదు. స్టూలు జరుపుకుని కూర్చుంది. "భయపడి చేసే సహి నాకొద్దు సార్. ముందు వినండి" అని పేపరు తీసి, ఒక్కో పేజీ తెలుగులో చెప్పసాగింది. తెగులు ఎలా అంటించాం, ఏ పూటకు పురుగు మేత మానింది, ఒంటి మీద మచ్చ ఎప్పుడు కనబడింది. సారుగారి అక్క తలుపు దగ్గర నిలబడి పళ్లు నూరుతోంది. నేను ఆమె చేతిలో ఏముందో చూసుకుని నిలబడ్డాను. ఖాళీగానే ఉంది.

గంట గడిచింది. మూడో పట్టిక దగ్గర బావగారు ఆపారు. "అగ్గో, ఆడ ఆగు. ఆ ఇంట్లో తేమ ఎక్కువుంటే? మచ్చ ముందే రాదా?"

అక్క పేజీ దించింది. ఆ ప్రశ్న మాకు పరిశీలకులు కూడా వేయలేదు. "వస్తాది సార్. రెండిండ్లలో వచ్చింది. రాయలేదు."

"రాయి మరి. అచ్చుకింకా పోలేదు కదా."

ఒక వాక్యం చేర్చింది. అప్పుడు ఆయనే చెయ్యి చాపారు, ఎడమది. "తే. భయంతో కాదులే. ఇంత కథ నాది కాదు. నడిమిన పెట్టు." మందుల మత్తు ఉందేమోనన్న అనుమానం నాకుంది. కానీ ఆ ప్రశ్న మత్తులో ఉన్నవాడు అడిగేది కాదు. సంతకం తొండ పాకినట్టు వచ్చింది. అసలు సంతకంతో కలవడం లేదని పత్రికవాళ్లు అభ్యంతరం చెబితే కట్టు కట్టిన చెయ్యి ఫోటో పంపించాను. కారణం అన్న చోట 'జారిపడ్డారు' అని రాయబోతే అక్క కొట్టివేయించి 'విరిగింది' అని మాత్రం రాయించింది.

పత్రికవాళ్లు వరస మార్చి ఆమోదపత్రం పంపాక, గడువుకు ఒక రోజు ముందు థీసిస్ ఇచ్చాం. కౌంటరులో గుమాస్తా మొదటి పేరు మీద వేలు పెట్టి, గుర్తింపు కార్డులోని పేరుతో అక్షరం అక్షరం సరిచూసి ముద్ర వేశాడు. అక్క నవ్వలేదు. రసీదు మడిచి, "మా అన్నకు బెయిలు వచ్చిందంట, పోదాం పా" అంది.

సారుగారి అక్క కేసు వెనక్కి తీసుకోలేదు, తీసుకోమని అక్క అడగనూ లేదు. అన్న ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం వచ్చి ఠాణాలో సంతకం పెట్టాలి. వెంట అక్క వస్తుంది. అతను లోపల పుస్తకంలో పేరు రాసి వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చుని, తేమ గురించి రెండో పేపరు రాసుకుంటూ ఉంటుంది. పైపేజీ మాత్రం తనే టైపు చేసుకుంటోంది.