ఫ్రిజ్‌ల ఉన్న మూలపురుషుడు

నమ్మనోళ్లు ఇప్పుడే లేచి పోండ్రి. సగంల ‘గిది అబద్ధం తాతా’ అంటే చాయ కప్పు గుంజుకుంట! మొన్న నేను మూడువేల ఏండ్ల కింద సచ్చినోనికి కర్మ చేసిన. దేశంల ఇంకెవడన్న చేసిండా? చెయ్యలే!

మా మనుమరాలు హారిక హైదరాబాద్‌ల పీహెచ్‌డీ చేస్తది. పాతకాలపోళ్ల బొక్కలల్ల, అంటే ఎముకలల్ల, డీఎన్‌ఏ తీసి, వాళ్లెవలు, మనమెవలం అని తేల్చుడు ఆమె పని. నాకైతే ఆ మిషన్లు అక్కరలేదు. మనిషి నడక చూసి ఏడు తరాలు చెప్త. గవర్నమెంటే నమ్మదాయె.

మేడిపల్లి దిక్కు బండల సమాధి తవ్వితే ఒక చెవి బొక్క ఎల్లిందట. తెచ్చి కోరుట్లల మా ఇంటి ఫ్రిజ్‌ల పెట్టింది.

“తాతా, సోమవారం మా సార్ వచ్చి తీస్కపోతడు. నా చదువంత గీ ఒక్క బొక్క మీదనే ఉన్నది. ఇది పోతే నా కష్టమంత పాయె. ఫ్రిజ్ పైన డోర్ ముట్టకు.”

“సిరిసిల్లల ఒక్కణ్ణే నలభై బట్ట నేసే సాంచెలు నడిపిన బిడ్డా! ఒక్క బొక్కను కాయలేనా?”

ఆమె ఆ సిరిసిల్లకే పోయింది, డీఎన్‌ఏ పోల్చి చూసుటానికి నేతోళ్ల ఉమ్మి సీసాలల్ల పట్టుకరానికి. ఆమె అటు పోంగనే మా ముసల్ది ఇటు వంట బంద్ పెట్టింది. “పీనుగ బొక్కను ఇంట్ల పెట్టుకొని అన్నం ఎట్ల వండుదు? నాతోని గాదు!”

నన్ను కదిలిచ్చింది ఆకలి గాదు, జాలి! అన్నేండ్ల సంది ఒక్క చుక్క నువ్వుల నీళ్లకు నోచుకోని పానం! పైన డోర్ తీసిన. ముందలనే ఫాయిల్ కాగితం పొట్లం. విప్పిన. ఆహా, ఏం బొక్క! గంత బలం మా వంశానికి తప్ప ఎవలికుంటది? మా మూలపురుషుడే! ఫోన్‌ల నాలుగు దిక్కుల ఫొటోలు తీసిన. చదువుకునేటోళ్లకు ఫొటో చాలదా? పొట్లం రుమాల్‌ల కట్టి ధర్మపురి బస్సెక్కిన.

గోదావరి ఒడ్డున పంతులు అడిగిండు, “ఎవరయ్యా పోయింది?”

“మా పెద్దాయన.”

“ఎప్పుడు?”

“మూడువేల ఏండ్లాయె.”

పంతులు నన్ను కిందికెల్లి మీదికి చూసిండు. “ఇన్నాళ్లు ఏం చేసినవ్?”

“దుబాయిల ఉన్న. లీవు దొరకలే.”

పంతులు దర్భలు తీసిండు. మా దిక్కు ఆ మాటకు ఎదురులేదు.

“కొడుకు స్థానంల నువ్వే కద? గుండు చేయించాలె. మీసం గూడ తీయాలె.”

మీసం! అటొక నిమ్మకాయ, ఇటొక నిమ్మకాయ నిలవెట్టిన మీసం! జగిత్యాల అంగట్ల ఎడ్లు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిన మీసం! కత్తి ఆనంగనే గోదావరి గజం ఎనుకకు జరిగింది, కండ్లార చూసిన. పిండం పెట్టి పొట్లం నీళ్లల్ల ఇడిసిన.

పొద్దూకినంక హారిక వచ్చింది. నా గుండు చూసి ఒర్రింది, “అయ్యో, అమ్మమ్మకేమైంది?”

“నాకేం గాలే,” అన్నది మా ముసల్ది వంటింట్ల కెల్లి. “మీ తాత తెలివే పోయింది.”

నేను ఛాతి ఇరిసి అంత చెప్పిన. పోరి ముఖం తెల్లవడ్డది. ఉరికి ఫ్రిజ్ తీసి, ఐసు గడ్డలు కింద పారేసి, చెయ్యి లోపలిదాక పెట్టి దేవులాడింది. పులులకు అదరని నేను అప్పుడు తలుపు ఎనుక దాక్కున్న. బయట అనకుండ్రి. ఎనుక మూల కెల్లి సీల్ ఏసిన నీలం డబ్బా గుంజి, గుండెకు పట్టుకొని అక్కడనే కూలవడ్డది.

“ఉన్నది తాతా... ఉన్నది!”

“మరి నేను గంగల కలిపిందేంది?”

ఏడుసుకుంటనే నవ్వుడు షురూ చేసింది. “అది బొక్క తొలిచే డ్రిల్లింగు ప్రాక్టీసుకు కడిగి దాసుకున్న. మొన్న ఐతారం మనం తిన్న పొట్టేలు బొక్క!”

ఇగ చెప్పుండ్రి, పొట్టేలుకు పెద్దకొడుకైనోడు లోకంల నేనుగాక ఎవడన్న ఉన్నడా? ఇంకా అనుమానమైతే మా గల్లీ మటన్ దుకాణం ఖాజామియాను అడుగుండ్రి. నేను కనవడంగనే కత్తి పక్కకు పెట్టి, నెత్తి మీది టోపీ తీసి, మెల్లగ అడుగుతడు: “తాతా, మీ చిన్నబాపు కొక్కేనికి ఏలాడుతుండు. అర్ధకిలో కొట్టాల్నా?”